అక్క కోసం రెండడుగుల గది

అనగనగా ఒక అడవిలో, కొండ దిగువన, జంతువులు చిన్న చిన్న మట్టి ఇళ్ళు కట్టుకుని వరుసగా కాపురం ఉండేవి. ఆ వరుస చివర నూకాలు అనే ముళ్ళపంది ఇల్లు. ఉన్నది ఒక్కటే గది. అందులో నూకాలు, దాని ముగ్గురు పిల్లలు. ఎవరు కాస్త పక్కకు దొర్లినా ఒకరి ముళ్ళు ఒకరికి గుచ్చుకునేవి.

నూకాలుకు ఒక అక్క ఉంది. పేరు పైడి. ఏటికి అవతల ఒంటరిగా ఉండేది. తల్లి పోయాక చెల్లెల్ని పెంచింది ఈ పైడే. కిందటేడు వేటగాడి ఉచ్చులో పడి పైడి కాలు విరిగింది. అప్పటినుంచి దుంపలు తవ్వుకోలేక పోయింది. నూకాలే రోజూ ఏరు దాటి వెళ్ళి తిండి పెట్టి వచ్చేది.

బయలుదేరేటప్పుడు పైడి గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చేది. "అప్పుడే వెళ్తావా?" అనేది.

"పిల్లలు ఎదురుచూస్తుంటారక్కా" అనేది నూకాలు. నాలుగు అడుగులు వేసి వెనక్కి చూసేది. అక్క గుమ్మంలోనే ఉండేది. ఏరు దాటి చూసేది. అక్క ఇంకా గుమ్మంలోనే ఉండేది.

వానాకాలం దగ్గర పడింది. వానలు మొదలైతే ఏరు పొంగుతుంది. మూడు నెలలు దాటడం కుదరదు.

"ఈలోపే ఒక గది వేసి అక్కను తెచ్చుకోవాలి" అనుకుంది నూకాలు.

ఎక్కడ వేస్తుంది? ఇంటి వెనక పెద్ద బండ. ముందు అందరూ నడిచే దారి. కుడిపక్క వాగు. మిగిలింది ఎడమపక్క నాలుగు అడుగుల సందు. దాని అవతల కుందేలు రావులమ్మ ఇల్లు.

ఆ సందులో గోడ లేపకూడదు. ఒకప్పుడు అడవికి నిప్పు అంటుకున్నప్పుడు, ఇళ్ళు మరీ దగ్గరగా ఉండి చాలామంది బయటపడలేకపోయారు. అందుకే ప్రతి ఇంటికీ పక్కన నాలుగు అడుగులు వదలాలని పెద్దలు కట్టుబాటు పెట్టారు. తప్పనిసరి అవసరం ఉంటే సడలింపు ఇస్తారు. కానీ పక్కింటివాళ్ళు ఒప్పుకోవాలి.

పందికొక్కు బోడెయ్య ఈ సంగతి విని నవ్వాడు. "అడిగితే ఎవరిస్తారమ్మా? ముందు గోడ లేపెయ్. తరవాత చూసుకోవచ్చు" అన్నాడు.

నూకాలు ఆలోచించింది. గోడలు వారంలో లేస్తాయి. వానలకు ముందే అక్క వచ్చేస్తుంది. కానీ... "తరవాత కూల్చమంటే అక్కను మళ్ళీ ఎక్కడికి పంపను? వద్దు, అడిగే కడతాను" అంది.

మొదటి రోజు రావులమ్మ ఇంటికి వెళ్ళింది. "వదినా, మా అక్క కోసం ఆ సందులో గది వేసుకుంటాను" అంది.

"కుదరదు" అని రావులమ్మ తలుపు వేసేసుకుంది.

రెండో రోజు తలుపు తియ్యనే లేదు.

మూడో రోజు నూకాలు ఏమీ అడగలేదు. గుమ్మం పక్కన ఊరికే కూర్చుంది. చాలాసేపటికి రావులమ్మ బయటికి వచ్చింది.

"నీ మీద కోపం కాదు నూకాలూ" అంది. "ఆ మంటప్పుడు నా మొదటి పిల్లలు నలుగురు ఈ సందులోనే ఇరుక్కుపోయారు. అప్పుడిది ఒక్క అడుగే ఉండేది. ఇప్పటికీ ఇటు చూస్తే వాళ్ళే పరిగెత్తుకొస్తారేమో అనిపిస్తుంది."

నూకాలు ఆమె దగ్గరికి జరిగింది. తను రోజూ నడిచే చోట ఇంత దుఃఖం ఉందని దానికి తెలియదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడ్చారు.

తరవాత నూకాలు లేచి సందులోకి వెళ్ళింది. తన గోడకు ఆనుకుని పడుకుంది. పుల్లతో తన పక్కనే నేల మీద గీత గీసింది. లేచి చూస్తే రెండు అడుగులు.

"నాలుగూ వద్దు వదినా. మా అక్క చిక్కిపోయింది, ఈ రెండు చాలు. మిగతా రెండూ నీ పిల్లల దారి. ఇటువైపు తలుపు పెట్టను, సామాను పెట్టను."

రావులమ్మ తన పిల్లలు ముగ్గురినీ పిలిచింది. "గీత దాటకుండా పరిగెత్తండి" అంది. పిల్లలు ఒకరి వెంట ఒకరు దూసుకుపోయారు. ఎవరికీ గోడ తగల్లేదు. ఆమె మళ్ళీ పరిగెత్తించింది. మళ్ళీ పరిగెత్తించింది. అప్పుడు మెల్లగా తలూపింది.

మర్నాడు పెద్దల సభలో తాబేలు గంగులు తాత అడిగాడు. "రావులమ్మా, నీకు అభ్యంతరం ఉందా?"

"లేదు తాతా. వెనక బండ ఉండడం ఆమె తప్పు కాదు కదా. ఆ అక్కను రానివ్వండి" అంది రావులమ్మ.

గంగులు తాత రెండు అడుగులకు సడలింపు ఇచ్చాడు. నూకాలు, పిల్లలు, రావులమ్మ కలిసి ఆరు రోజుల్లో గోడలు లేపి ఆకులు కప్పారు. ఏడో రోజు నూకాలు పైడిని మెల్లగా ఏరు దాటించి తీసుకొచ్చింది. ఆ సాయంత్రమే వాన మొదలైంది.

పైడి కొత్త గదిలో ఒళ్ళు వాల్చింది.

"ఇరుగ్గా ఉందా అక్కా?" అని దిగులుగా అడిగింది నూకాలు.

పైడి గోడకు చెవి ఆనించింది. గోడకు అవతల నిద్రపోతున్న నూకాలు ముగ్గురు పిల్లల ఊపిరి వినిపిస్తోంది.

"మాట్లాడకే. కాసేపు విననీ" అంది.

నీతి: మన అవసరం ఎంత పెద్దదైనా, పక్కవారి భయాన్ని కూడా వినాలి. వారి దారి వారికి వదిలినప్పుడే మనం కట్టుకున్న ఇల్లు నిలుస్తుంది.