తీతువు గుడ్లు, రాజుగారి ఏటి ఒడ్డు

అనగనగా, ఏమర్రా పిల్లలూ, ఒక పెద్ద అడవి. ఆ అడవి నడిబొడ్డున ఒక ఏరు. ఏటి ఒడ్డున జంతువుల బజారు. రోహిణి కార్తె ఎండలకి ఏరు ఎంత చిక్కిపోయిందంటే, కాకి దిగినా కాలు తడవదు.

సరిగ్గా అప్పుడే సింహం రాజుగారికి ముచ్చట పుట్టింది. "మన ఏటి ఒడ్డుని చూసి పక్క అడవి రాజు కుళ్లుకోవాలి!" అన్నారు.

పని నక్కకి అప్పగించారు. నక్క ఏరు కొలిచింది. కొలవడమంటే ఏముంది, మూడు దూకులు దూకి, "వెడల్పు మూడు దూకులు" అని టేకాకు మీద గీసేసింది. మిగిలిన ఇసుకంతా ఖాళీ జాగానే కదా మరి! అందులో రాళ్ల బాట, రాజుగారికి మంటపం. పైన మిట్ట మీద రాజుగారి విగ్రహం.

ఆ మిట్ట మీదే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుంది. తీతువు ఉత్త నేల మీదే గుడ్లు పెడుతుందర్రా. అయితే ఊరికే పెట్టదు. ఆ ఏడు ఏరు ఎందాకా పొంగుతుందో ఆనవాలు పట్టి, దానికి జానెడు పైన పెడుతుందట.

నక్క వచ్చింది. "తీతమ్మా, విగ్రహం వచ్చేలోగా ఖాళీ చెయ్యి. నీకు కింద నీళ్ల పక్కనే జాగా ఇస్తున్నాం. పొద్దున్నే లేస్తే కళ్లెదుట ఏరు!"

"కళ్లెదుట కాదు నక్క బావా, నెత్తి మీద! ఈ ఏడు ఏరు ఈ మిట్ట అంచుదాకా వస్తుంది."

"మా టేకాకులో అలా లేదే!" అంటూ నక్క వెళ్లిపోయింది.

తీతువు రాళ్లు మోస్తున్న దున్న దగ్గరికి ఎగిరింది. "దున్న మావా, ఈ ఏట్లోనే పుట్టి పెరిగావు. నువ్వైనా చెప్పు."

దున్న నెమరు ఆపకుండానే, "నాకు తెలుసు తల్లీ. నన్నెవరడిగారు? మొయ్యమన్నారు, మోస్తున్నాను" అంది.

ఆఖరికి అభ్యంతరాలు వినే సభ పెట్టారు. ఎక్కడనుకున్నారు? కట్టేసిన మంటపంలోనే! తీతువు గొంతు చించుకుని చెప్పింది. రాజుగారు ఆవలించి, "మంచి మాట. రాసుకో నక్కా" అన్నారు. నక్క రాసుకుంది: "అందరూ సంతోషించారు."

ఆరుద్ర కార్తె వచ్చింది. విగ్రహం ఎత్తే రోజునే పైకొండల్లో వాన దంచింది. ఏరు వచ్చి రాళ్ల బాటని మింగింది, మంటపాన్ని మింగింది, దారిలో ఉన్న విగ్రహాన్నీ మింగింది. రాజుగారూ నక్కా తోకలెత్తుకుని మిట్ట ఎక్కారు.

"అడుగు చూసి వెయ్యండి మహారాజా, గుడ్లు!" అని అరిచింది తీతువు.

రాజుగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి, మూడు కాళ్ల మీద నిలబడ్డారు. నీళ్లు గుడ్లకి జానెడు కింద ఆగాయి.

"ఏమిటిది నక్కా?" అని గుర్రుమన్నారు రాజుగారు.

"ప్లానులో తప్పు లేదు మహారాజా. ఏరే మన జాగా ఆక్రమించింది."

"అయితే దానికి నోటీసివ్వు!"

నక్క టేకాకు పట్టుకుని నీళ్ల అంచుకి వెళ్లింది. ఏరు ఆకునీ తీసుకుంది, నక్కనీ తీసుకుంది. రెండు మలుపులు తిప్పి ముళ్ల పొదలో దింపింది.

అప్పుడు రాజుగారు మెల్లగా, "తీతమ్మా, మంటపం ఎక్కడ కట్టాల్సింది?" అన్నారు.

తీతువు గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. "ఈ మాట రోహిణిలో అడగాల్సింది మహారాజా. ముందు ఆ కాలు మాత్రం దించకండి."

నీతి: ఏటి పక్కన గీత గీసేముందు, ఆ ఒడ్డున గుడ్డు పెట్టుకున్నదాన్ని అడగాలి.