సభకు తెచ్చిన చిలుక

పిల్లలూ, మీ తాతల తాతలు పుట్టకముందు మెట్టసీమను ఓబళభూపతి అని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి మీసాలున్నాయి. రెండోవాడికి మాటలున్నాయి. మూడోవాడైన నాగరాయుడికి ఏమీ లేవు కాబట్టి పనులన్నీ వాడికే చెప్పేవారు.

ఆ సీమలో ఏరు లేదు, బావులే దిక్కు. బావి లోతును అక్కడ మట్లలో చెబుతారు. మట్టు అంటే ఒక మనిషి నిలువు. మొదట్లో ఐదు మట్లకే నీళ్లు పడేవి. ఒకనాడు ఒక మాంత్రికుడు వచ్చి ఇంటింటికీ ఒక గడ్డపార ఇచ్చాడు. "దిగు" అంటే చాలు, బావిని అదే తవ్వుకుంటూ పోతుంది. షరతు ఒక్కటే. బావి ఎంత లోతయిందో నలుగురిలో నిజం చెప్పకూడదు, చెబితే గడ్డపార తుప్పుపట్టి రాలిపోతుంది. ఆ సీమవాళ్లకు అంతకంటే సులువైన షరతు ఇంకొకటి దొరకదు.

లింగన్న దిగమన్నాడు. అది విని పుల్లమ్మ దిగమంది. పుల్లమ్మ చెరకు పచ్చబడిందని లింగన్న మళ్లీ దిగమన్నాడు. ఊరూరూ దిగమంది. గడ్డపార ముట్టనిది సుంకమ్మ ఒక్కతే. ఆమెది ఐదు మట్ల బావి, దాని పక్కన ఇరవై చీనీ బత్తాయి చెట్లు. నాగరాయుడు ఆమెను పెళ్లాడతానన్నాడు.

"చినదొరా, నా బావిలో చెంబు మునిగినన్నాళ్లే నేనీ సీమలో ఉండేది. ఇప్పుడు సగమే మునుగుతోంది. ముందు దాని సంగతి చూడు" అంది సుంకమ్మ.

సీమలో నీళ్లు అడుగంటుతున్నాయని రాజు సభ పెట్టి ఒక్కొక్కరినీ బావి లోతు అడిగాడు. "ఐదు మట్లే, మహారాజా" అన్నారు అందరూ. తన కోట బావి కూడా ఐదే అన్నాడు రాజు. మరి నీళ్లేమయ్యాయి? మాంత్రికుడు తాగేస్తున్నాడు! మాంత్రికుడు సభలో లేడు కాబట్టి ఆ మాట అందరూ ఒప్పుకున్నారు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకలో ఉందట.

పెద్దకొడుకు ఏనుగెక్కి బయల్దేరాడు. పొలిమేర దాటకముందే ఏనుగుకు దాహమేసి వెనక్కి తిరిగింది. రెండోవాడు వెళ్లాలా వద్దా అని మూడు రోజులు మాట్లాడి, గొంతెండి పడుకున్నాడు. ఇక మిగిలింది నాగరాయుడు.

సుంకమ్మ బావిలో ఉండే తాబేలు అతన్ని పిలిచింది. "నాయనా, నాకిక్కడ ఈదడానికి చోటు లేదు. నా వీపెక్కు, పోదాం."

ఏడు సముద్రాలు దాటారు. దారి పొడుగునా నీళ్లే, గుక్కెడు తాగడానికి లేవు. అవతలి ఒడ్డున మాంత్రికుడు చిలుక పంజరం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకొచ్చావురా?"

"ఊరికే అయ్యా. ఎనిమిదో సముద్రం దగ్గరి మాంత్రికుడి బావి మీ బావికంటే లోతంటున్నారు. నిజమేనేమో చూద్దామని."

మాంత్రికుడు పంజరం కింద పెట్టి, గడ్డపార పట్టుకుని తన బావిలోకి దూకాడు. "దిగు! దిగు!" అన్న కేక లోతుకు పోతూనే ఉంది. నాగరాయుడు పంజరంతో తాబేలెక్కాడు.

దారిలో చిలుక నోరు విప్పింది. "రాకుమారా, నన్ను చంపితే మా అయ్య చస్తాడు, అంతే. మీ నీళ్లు ఆయన తాగలేదు. నన్ను సభలో కూర్చోబెట్టు. ప్రతి బావి లోతూ చెబుతాను. గడ్డపారలన్నీ రాలిపోతే ఊట తిరిగొస్తుంది."

మళ్లీ సభ పెట్టారు.

"లింగన్న బావితో మొదలుపెట్టించండి, వయసులో పెద్దాయన" అంది పుల్లమ్మ.

"ఏం పుల్లమ్మా, నీ చెరకు సిగ్గుపడుతుందా?" అన్నాడు లింగన్న.

అలా రెండు రోజులు గడిచాయి. మూడో రోజు నాగరాయుడు విసిగిపోయి, "మా కోట బావితోనే మొదలుపెట్టు" అన్నాడు.

"అరవై మట్లు" అంది చిలుక.

కోటలో గడ్డపార గలగలా రాలింది. రాజు తలెత్తి పైకప్పు దూలాలు లెక్కపెట్టాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

"లింగన్న బావి డెబ్భై రెండు."

పుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"పుల్లమ్మ బావి..."

నవ్వు ఆగింది. పుల్లమ్మ లేచింది. ఆమె వెనక వరుస లేచింది. ఆ వెనక వరుసా లేచింది. నాగరాయుడు పంజరానికి అడ్డుపడ్డాడు. నలభై చేతులు అతన్ని పక్కకు లాగాయి. అంతమంది కలిసి ఒక పని చేయడం ఆ సీమలో అదే మొదటిసారి. చూసేసరికి చిలుక మెడ విరిగి ఉంది. ఎవరు విరిచారో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఏడు సముద్రాల అవతల మాంత్రికుడు చచ్చాడు. డప్పులు మోగాయి. నాగరాయుడిని భుజాలకెత్తి ఊరేగించారు. రాజూ లింగన్నా అప్పటికే పుల్లమ్మ గడ్డపార అరువడగడానికి వరుసలో నిలబడ్డారు.

వారానికి సుంకమ్మ బావిలోకి చెంబు దించింది. రాయికి గీసుకున్న చప్పుడు వచ్చింది. చీనీ చెట్లను తన చేత్తోనే నరికి మోపులు కట్టింది.

"ఇంకొక్కసారి సభ పెట్టిస్తాను, సుంకమ్మా."

"పెట్టించు. ఈలోగా నేను మూట కట్టుకుంటాను."

అతను పెట్టించలేదు. రెండో మూట తన తలకెత్తుకున్నాడు. పొరుగు సీమలో ఒక వాగు ఒడ్డున వాళ్ల పెళ్లయింది. తాళి కట్టేటప్పుడు కూడా సుంకమ్మ వాగుకేసే చూస్తూ కూర్చుంది.

ఇక్కడ ఓబళభూపతి తరవాత పెద్దకొడుకు రాజై చాలాకాలం ఏలాడు. సభ ఏటేటా జరిగేది. ఒక ఏడు లింగన్న ఇంటివాళ్లు రాలేదు. ఒక ఏడు పుల్లమ్మ ఇంటివాళ్లు రాలేదు. చివరి ఏడు సభకు రాజొక్కడే వచ్చాడు. ఇకమీదట ఎవరూ బావి లోతు చేయరాదని లేచి నిలబడి ప్రకటించాడు. కాసేపు ఆగి చూశాడు. అడ్డు చెప్పినవాళ్లు లేరు.