పది పడవలు, నాలుగు వేళ్ళ నీళ్ళు

అనగనగనగా... ఊఁ కొట్టండర్రా! మీరు ఊఁ కొట్టకపోతే ఈ కథలో పడవ కదలదు.

ఆఁ, అలాగ. అనగనగా గౌతమి ఒడ్డున ఒక చిన్న రాజ్యం. దానికి రాజు జయకేతుడు. దైవభక్తి కలవాడు, దయగలవాడు. ఒక్కటే లోపం. మనసుకి కుదురు లేదు.

ఆ నది నడుమ ఒక లంక. లంకలో మూడు వందల నలభై మంది జనం. వాళ్ళ పడవలన్నీ నిరుటి వరద ఎత్తుకుపోయింది. ఈ ఏడు మళ్ళీ వరద వచ్చి ఎర్రనీరు దిగితే లంక మునిగిపోతుందని పెద్దలంతా భయపడ్డారు.

రాజు వడ్రంగుల్ని పిలిచాడు. "ఆషాఢానికి నలభై రోజులుంది. ఈలోగా పది పడవలు కావాలి. లంక జనం అంతా క్షేమంగా ఒడ్డుకి రావాలి."

వడ్రంగుల పెద్ద కొండలాచారి. చెక్కల సందుల్లో పీచు కూరి, గుగ్గిలం పూసేది పోలమ్మ. నీళ్ళు లోపలికి రాకుండా చూసే పని ఆవిడదే. ఆవిడ కూతురు సీతాలు ఆ లంకలోనే కాపురముంది. పైగా నెలలు నిండుతున్నాయి.

రాజు రోజూ పొద్దున్నే వచ్చేవాడు. "ఎంత పని అయింది?"

"అవుతోంది మహాప్రభో," అనేవాడు కొండలాచారి.

అవుతోంది అంటే ఎంత? రాజుకి అన్నం సయించడం మానేసింది. మబ్బు కనబడితే చాలు, మేడ ఎక్కి నది వంక చూసేవాడు.

మంత్రి మతిసాగరుడు ధైర్యం చెప్పాడు. "ప్రభూ, కొలిస్తే తెలుస్తుంది. రోజుకెన్ని మేకులు కొట్టారో లెక్కపెడదాం. ఎక్కువ కొట్టినవాడికి పట్టు పాగా. తక్కువ కొట్టినవాడు ఎండలో నిలబడాలి."

ఇంకేముంది! రేవంతా ఠకఠక, ఠకఠక! ఒకటి చాలినచోట మూడు మేకులు దిగాయి. "పాగా నాదేరా!" అని కొండలాచారి మీసం దువ్వాడు. పన్నెండు రోజులకి మేకుల లెక్క కొండంత అయింది. చెక్కలు మాత్రం బీటలు వారాయి. ఒక్క పడవా లేవలేదు.

"మేకులు వద్దు, పడవలే లెక్కపెట్టండి!" అన్నాడు రాజు.

మళ్ళీ పన్నెండు రోజులు. పది పడవలూ వరసగా నిలబడ్డాయి! పోలమ్మ గుగ్గిలం మూకుడు పట్టుకుని వాటి వెంట పరిగెత్తింది.

"ఒరేయ్, ఆగండ్రా! సందులు పూడ్చనివ్వండి!"

"పోలమ్మత్తా, నీ గుగ్గిలం తరవాత. ముందు పడవ లెక్కకెక్కాలి!" అని నవ్వారు వడ్రంగులు.

నీట దించితే పదీ చెమర్చాయి. మంత్రి మండిపడ్డాడు. "ఇక చిల్లులే లెక్కపెడతాను! ఏ జట్టు పడవలో చిల్లి దొరికితే, ఆ జట్టుని పాగాలు ఊడదీసి ఊరంతా తిప్పుతాను!"

మొదటి రోజు ముప్పై చిల్లులు. ముగ్గురు జట్టు పెద్దలు పాగాల్లేని తలలతో వీధి వీధీ తిరిగి, ఇంటికొచ్చి తలుపేసుకున్నారు. రెండో రోజు పది చిల్లులు. మూడో రోజునుంచీ సున్నా. ఆ సున్నాని మంత్రి రోజూ పళ్ళెంలో పెట్టినట్టు రాజుకి వినిపించేవాడు.

నలభైలో ముప్పై ఆరు రోజులు గడిచాయి. ఎగువనుంచి కబురొచ్చింది. ఎర్రనీరు దిగింది. ఇంకో నాలుగు రోజుల్లో ఇక్కడుంటుంది.

రాజు దేవుడికి దణ్ణం పెట్టుకుని రేవుకొచ్చాడు. "మొదటి పడవలో నేనే వెళతాను," అని కాలెత్తాడు.

పోలమ్మ అడ్డంగా నిలబడింది.

"ఎక్కొద్దు బాబూ."

"తప్పుకో!" అన్నాడు మంత్రి. "నా లెక్కలో చిల్లులు సున్నా!"

"తమ లెక్కలో లేవు బాబూ, పడవలో ఉన్నాయి. ముప్పై ఇసుక మూటలు వేయించండి. కుండెడు అన్నం ఉడికేంతసేపు చూడండి."

వేశారు. చూశారు. అడుగున నీళ్ళు మెల్లగా లేచాయి. రాజు తానే వంగి చెయ్యి ముంచాడు. నాలుగు వేళ్ళు మునిగాయి.

"ఎవరూ చెప్పలేదేం?"

"చిల్లి బయటపడితే ఊరంతా తిప్పారు కదా బాబూ. అందరూ చిల్లి మీద బంకమన్ను మెత్తారు." పోలమ్మ తన చేతులు చాపి చూపించింది. "ఈ పడవలో మన్ను మెత్తింది నేనే. నా బిడ్డ ఎక్కాల్సిన పడవకి నేనే, ఈ చేతుల్తో! ఏ శిక్ష వేసినా వెయ్యండి."

రాజు తన తలపాగా తీసి చేతపట్టుకున్నాడు. "తప్పు నాది తల్లీ. ఏం కొలవమంటావు?"

"తమకేం తెలుసుకోవాలనుంది?"

"లంక జనం మునగకుండా ఒడ్డుకొస్తారా అని."

"అయితే అదే అడగండి. బరువు వేసి, నీళ్ళెన్ని వేళ్ళో చూడండి. చెమ్మ కనబడ్డచోట ఎవరైనా సరే బొగ్గుతో గీత గియ్యాలి. గీసిందెవరు, చెక్క ఎవరిది అని మాత్రం అడక్కండి."

ఆ సాయంత్రానికి నలభై గీతలు! మంత్రి పరిగెత్తుకొచ్చాడు. "ప్రభూ, నిన్న సున్నా, ఇవాళ నలభై! పని చెడిపోతోంది!"

"లేదు మంత్రీ. ఇవాళ కనబడుతోంది."

కొండలాచారి అందరికన్నా ముందు తన పడవ మీదే గీత గీశాడు. మేకులకి బీటలిచ్చిన నాలుగు పడవల్ని విప్పి, మంచి చెక్కలు మిగిలినవాటికి వేశారు. పోలమ్మ గుగ్గిలం కాచింది, పూసింది, మళ్ళీ కాచింది. నాలుగో రోజుకి ఆరు పడవలు తేలాయి. చెయ్యి పెడితే గోరు తడిసేంత నీళ్ళు, అంతే. పడవకి ముప్పై మంది, రెండు విడతలు. చాలు.

ఎర్రనీరు రానే వచ్చింది. మొదటి విడత జనం ఒడ్డుకి చేరారు. సీతాలు అందులో లేదు. రెండో విడతలో ఐదు పడవలు చేరాయి. వాటిలోనూ లేదు! పోలమ్మ మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి, "నారాయణా, నారాయణా" అంటూ నిలబడిపోయింది. వాన తెరలోంచి చివరకి ఆరో పడవ ముక్కు కనబడింది.

అది ఒడ్డు చేరగానే మంత్రి తలలు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ప్రభూ, లెక్క తప్పింది! మూడు వందల నలభై ఉండాలి. నలభై ఒకటి వస్తోంది!"

అప్పుడు ఆరో పడవలోంచి కేరుమని ఏడుపు వినిపించింది. సీతాలు ఒళ్ళో, తడవని గుడ్డలో చుట్టిన పసిపిల్ల!

పోలమ్మ పిల్లని అందుకోబోయి ఆగింది. ముందు వంగి, పడవ అడుగున చెయ్యి పెట్టి చూసింది. గోరు మాత్రమే తడిసింది.

అందుకే నాయనలారా, తల్లులారా, ఏది తెలుసుకోవాలో ముందు తేల్చుకుని అప్పుడు కొలవాలి. ఆ కొలత నిజం చెప్పాలంటే, నిజం చెప్పినవాడికి భయం లేకుండా చూడాలి.