పెట్టని సంతకం

బొంబాయి మాటుంగాలో, పెద్ద చెట్ల నీడన చప్పుడు లేకుండా ఉండే ఒక వీధిలో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పన్నెండు తెలుగు కుటుంబాలు కలిసి కట్టుకున్న సహకార సంఘం మేడలో, ఎవరికీ అవుననీ కాదనీ తేల్చి చెప్పలేని విశ్వపతి అనే పెద్దమనిషి ఉండేవాడు.

చెడ్డవాడు కాదు సుమండీ. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు ఇంకా తేలికయ్యేది. ఎవరికైనా తన మీద కోపం వచ్చిందంటే అతనికి ఆ పూట అన్నం సహించేది కాదు. మేడకు పసుపు రంగు వెయ్యాలని కొందరూ, తెల్ల సున్నం చాలని కొందరూ పోట్లాడుకుంటే, "రెండూ బాగానే ఉంటాయి" అనేవాడు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. విశ్వపతి అంత మంచివాడు లేడని మేడంతా అనుకునేది. ఆ మాట వినడం కోసమే బతికేవాడు పాపం.

ఎదురు వాటాలో జగన్నాథం గారు ఉండేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు. వాళ్ళింట్లో వంట చేసే పేరమ్మ జ్వరంతో చనిపోతే, ఆమె ఐదేళ్ళ కూతురు పావనిని ఆయనే పెంచి, చదివించి, బడిపంతులమ్మను చేశారు. దత్తత కాగితాలు మాత్రం రాయించలేదు. విశ్వపతికీ భార్య లేదు. సాయంత్రం అయ్యేసరికి వెళ్ళి ఆ ఇంట్లో కూర్చునేవాడు. పావని ఇద్దరికీ కాఫీ తెచ్చి ఇచ్చేది. విశ్వపతిని బాబాయిగారూ అని పిలిచేది.

ఆ మేడకు ఒక పద్ధతి ఉంది. వాటాలు ఎవరి సొంతమూ కావు, అన్నీ సంఘానివే. తన తర్వాత తన వాటాలో ఎవరుండాలో ప్రతి సభ్యుడూ ఒక ఫారం మీద రాయాలి. మరో సభ్యుడు దాని మీద సాక్షి సంతకం పెట్టాలి. అప్పుడు దాన్ని కార్యదర్శికి ఇవ్వాలి. కార్యదర్శి చలపతిరావుకు మేడ పరువంటే ప్రాణం. "వంటమనిషి పిల్ల రేపు మనతో సమానంగా మీటింగులో కూర్చుంటుందా?" అని మెట్ల మీద కనిపించిన ప్రతివాడినీ అడిగేవాడు. విశ్వపతినీ అడిగాడు. విశ్వపతి నవ్వి ఊరుకున్నాడు.

ఒకరోజు జగన్నాథం గారు ఫారం నింపి విశ్వపతి చేతికిచ్చారు.

"విశ్వపతీ, నువ్వు ఒక్క సంతకం పెడితే చాలు. నా తర్వాత ఈ ఇల్లు పావనికి ఉంటుంది. దానికి ఇంకెవరున్నారు?"

"ఎంతమాట అన్నయ్యగారూ, తీరిగ్గా చదివి పెడతాను" అన్నాడు విశ్వపతి.

తీరికకేం, రోజంతా తీరికే. కానీ సంతకం పెడితే చలపతిరావుకు కోపం వస్తుంది. పెట్టనంటే జగన్నాథం గారు నొచ్చుకుంటారు. అందుకని ఫారం బీరువాలో పెట్టాడు. వారం తర్వాత జగన్నాథం గారు అడిగితే కళ్ళజోడు విరిగిందన్నాడు. నెల తర్వాత అడిగితే, "నాకు గుర్తుంది అన్నయ్యగారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. ఆయన నిజంగానే నిశ్చింతగా ఉన్నారు. ఆ శ్రావణంలో గుండె ఆగి చనిపోయారు.

పదిహేను రోజులకు కింది హాల్లో మీటింగు పెట్టారు. కాకినాడ నుంచి జగన్నాథం గారి అన్న కొడుకు వచ్చాడు. చిన్నాన్నా అని ఆయన్ని ఏనాడూ పలకరించని మనిషి, వాటా నాకు రావాలన్నాడు. పావని ఒక మూల కుర్చీలో కూర్చుంది.

చలపతిరావు కూడా మరీ రాక్షసుడేమీ కాదు. పద్ధతి ప్రకారం అడిగాడు. "జగన్నాథం గారి ఫారం నాకు అందలేదు. ఆయన ఏదైనా రాసి మీలో ఎవరికైనా ఇచ్చి ఉంటే చెప్పండి. సంతకం లేకపోయినా పరవాలేదు. ఆయన మనసులో మాట తెలిస్తే చాలు, ఆలోచిద్దాం."

పావని విశ్వపతి వైపు తిరిగింది.

"బాబాయిగారూ, నాన్న రోజూ మీతోనే కదా మాట్లాడేవారు. నా సంగతి మీకేమైనా చెప్పారా?"

చూశారా, ఒక్క మాట. ఇచ్చారు, నా బీరువాలో ఉంది అంటే ఆ పిల్లకు ఇల్లు నిలిచేది. కానీ అలా అంటే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని నలుగురూ అడుగుతారు. మంచివాడన్న పేరు పోతుంది. విశ్వపతి తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తూ, "ఏవేవో మాట్లాడుకునేవాళ్ళం అమ్మా. అందరూ ఎలా అంటే నాకూ అలాగే" అన్నాడు.

వాటా అన్న కొడుక్కి వెళ్ళింది. నెల తిరిగేలోగా అతను అందులో ఉండే హక్కును ఎవరికో అమ్మేశాడు.

ఇల్లు ఖాళీ చేసే రోజున పావని వచ్చి విశ్వపతి కాళ్ళకు దండం పెట్టింది. "ఈ మేడలో నన్ను ఒక్క మాట కూడా అననిది మీరొక్కరే బాబాయిగారూ. మీ మేలు మరిచిపోను" అంది. విశ్వపతి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండమని దీవించాడు. ఆమె మెట్లు దిగగానే తలుపు గడియ వేసి, ఆ ఫారాన్ని ఎవరైనా చూస్తారేమోనని ముక్కలు ముక్కలుగా చింపి పారేశాడు. సిగ్గుమాలిన పని అని నేను వేరే చెప్పాలా?

ఆ తర్వాత అతనికి నిద్ర పట్టలేదు. సాయంత్రాలు ఎక్కడికీ పోబుద్ధి కాలేదు. ఎదురు వాటాలోకి వచ్చినవాళ్ళు మర్యాదస్తులే, కానీ వాళ్ళ తలుపు తెరుచుకున్నప్పుడల్లా అతను ఉలిక్కిపడేవాడు. ఏడాది అలాగే గడిచింది. ఇక భరించలేక, పావని పనిచేసే బడిలో వాకబు చేసి, ఒక ఆదివారం రైలెక్కి డోంబివలీ వెళ్ళాడు. అక్కడ చాల్ అనే ఇరుకు మేడలో, వరసగా ఉన్న ఒంటిగదుల్లో చివరిదానిలో పావని ఉంటోంది. మనిషి సగమైపోయింది. అయినా కుర్చీ వేసి కాఫీ ఇచ్చింది.

విశ్వపతి కాఫీ ముట్టుకోకుండా జరిగిందంతా చెప్పేశాడు. ఫారం సంగతి, సంతకం సంగతి, మీటింగు సంగతి, అన్నీ. ఆమె తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననే వచ్చాడు.

పావని నెమ్మదిగా అంది.

"ఇల్లు పోతే పోయింది బాబాయిగారూ. నాన్న నా గురించి ఒక్క ముక్క కూడా రాయకుండా పోయారే, నన్ను కూతురనుకోలేదేమో, వంటామె పిల్లగానే చూశారేమో అని ఏడాదిగా కుళ్ళి కుళ్ళి ఏడుస్తున్నాను. ఆ కాగితం ఒక్కసారి చూపించండి. నాన్న రాసింది చూసుకుంటాను."

"చింపేశానమ్మా" అన్నాడు విశ్వపతి. "కానీ నేను చదివాను. 'నా కూతురు పావని' అని రాశారు. దేవుడి మీద ఒట్టు, అలాగే రాశారు."

పావని అతని ముఖంలోకి చూసింది. ఆ కళ్ళలో ఒక్క క్షణం ఆశ కనిపించింది. తర్వాత అదీ పోయింది.

"మీరు ఎవరి మనసూ నొప్పించరు కదా బాబాయిగారూ. ఎవరికేది ఇష్టమో అదే చెబుతారు. నాన్న నిజంగా అలా రాశారో, నేను ఏడుస్తున్నానని మీరు ఇప్పుడు అంటున్నారో నాకెలా తెలుస్తుంది?"

విశ్వపతి జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడు. రుజువు చెయ్యడానికి అతని దగ్గర ఏమీ లేదు. మళ్ళీ మళ్ళీ ఒట్టు పెట్టుకున్నాడు, ఏడ్చాడు. పావని వద్దని చేత్తో వారించి, "ఎండెక్కకముందే బయల్దేరండి, రైళ్ళు రద్దీగా ఉంటాయి" అంది. అతను వెళ్ళిపోయాడు. ఆమె మళ్ళీ ఎప్పుడూ ఆ మేడ వైపు రాలేదు.

నీతి: అందరికీ మంచివాడు అనిపించుకోవాలని, నిజం చెప్పవలసిన చోట నోరు మూసుకున్నవాడు, తర్వాత గుండె చీల్చుకుని నిజం చెప్పినా నమ్మేవాళ్ళుండరు.