పాట ఆగిన గూడు

దిగుడు బావి మీదికి ఒరిగిన తుమ్మచెట్టుకి ఏటా గిజిగాళ్ల గూళ్లు వేలాడతాయి. కింద నీళ్లు, పైన ముళ్లు. పామైనా పిల్లి అయినా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాల్సిన చోటు. ఆ తొలకరికి అక్కడ కొత్తగా గూడు మొదలుపెట్టినవాడు గవరయ్య. కుర్ర గిజిగాడు. పసుపు పూసిన పెళ్లికొడుకులా మెరిసే తల, ఆ తలనిండా కావలసినంత పొగరు.

మొదట్లో వాడి హుషారు చూసి తీరాలి. వరిమడిలో పచ్చి ఆకు చీల్చుకొచ్చేవాడు, ముడి వేసేవాడు, ముడికో పాట పాడేవాడు. బావి గట్టున మేసే గేదె నూకాలు కూడా మెడ ఎత్తి వినేది.

గిజిగాళ్లకో పద్ధతుంది. మగపిట్ట గూడు సగం కట్టి, రెక్కలాడిస్తూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. గూడు నచ్చినామె కాపురానికి ఒప్పుకున్నాకే మగపిట్ట మిగతా సగం కడుతుంది. పైడమ్మ అనే పిట్ట వచ్చింది, ముడులు లాగి చూసింది, "గట్టిగానే ఉన్నాయి" అంది, ఉండిపోయింది. గుడ్లు పెట్టే అర ఎలాగో పూర్తయింది. పైడమ్మ గుడ్లూ పెట్టేసింది. ఇక మిగిలింది గూటి నుంచి కిందికి దిగే పొడుగు గొట్టం, లోపలికి వెళ్లే దారి. సరిగ్గా అక్కడే గవరయ్య చతికిలబడ్డాడు.

ఆరంభశూరుల వాసన దూరం నుంచే పసిగట్టే కాకి ఒకడున్నాడు. పేరు దాలినాయుడు. వచ్చి పక్క కొమ్మ మీద కూర్చున్నాడు.

"ఏటి అల్లుడూ, పాట వినపడటం లేదు?"

"మనసు లేదు మావా. గొట్టమంటే ఒకటే ముడి, మళ్లీ అదే ముడి. చూసి మెచ్చుకునేవాళ్లయినా లేరు."

"మనసు లేకుండా చేసిన పని ఉప్పు లేని కూరరా. ఎందుకొచ్చిన అవస్థ? ఆగు. మనసు దానంతటదే వస్తుంది. వచ్చినప్పుడు పాడుకుంటూ కట్టుకో. నువ్వు కళాకారుడివి, కూలోడివి కాదు కదా!"

ఆ మాటకి గవరయ్య ఉబ్బిపోయాడు. దాలినాయుడి లెక్క వేరు. గొట్టం లేని గూడు వాడికి వడ్డించిన విస్తరి. గొట్టం పూర్తయిందా, అందులో కాకి ఒళ్లు పట్టదు, ఇక వాసన చూసి వెళ్లిపోవడమే.

గవరయ్య కొమ్మ మీద కూర్చుని మనసు కోసం ఎదురు చూశాడు. అది రాలేదు. తెచ్చి పెట్టుకున్న పచ్చి ఆకు ఎండి, ముట్టుకుంటే పుటుక్కున విరిగింది.

గూట్లోంచి పైడమ్మ తల బయటపెట్టింది. "వానొస్తే తట్టుకుంటాం. కాకొస్తే ఏటి చేస్తావు?"

"కాస్త మనసు రానీవే."

"నీ మనసు వచ్చేదాకా కాకి ఆగుతాదేటి?"

గవరయ్యకి సిగ్గేసింది, భయమూ వేసింది. వెళ్లి నూకాలు కొమ్ము మీద వాలాడు.

"అప్పా, రోజంతా నెమరేస్తావు. నీకు విసుగు రాదేటి?"

"ఎందుకు రాదు? తిన్న గడ్డే మళ్లీ తినాలని ఏ గేదెకి సరదారా?" అంది నూకాలు, దవడ ఆపకుండానే. "నోట్లోకి పరక వస్తే దవడే ఆడుతుంది. నువ్వు కూడా పాట గోల మానేసి ముక్కున ఒక్క పోచ పెట్టుకో. దాన్ని ముడెయ్యకుండా ఎంతసేపు మోస్తావో చూద్దాం."

మర్నాడు పొద్దున్నే గవరయ్య ఒక పోచ తెచ్చాడు. ముక్కున పెట్టుకుని ఊరకే కూర్చోవడం కంటే ముడి వెయ్యడమే తేలికనిపించింది. వేశాడు. దాని కొస వేలాడుతూ వెక్కిరించింది. దాన్ని కట్టడానికి ఇంకోటి తెచ్చాడు. పాట మాత్రం రాలేదు. వాడూ పిలవలేదు. ఒకరోజు ఆ ఒక్క పోచతోనే సరి, ఇంకోరోజు పొద్దు వాలేదాకా అల్లిక. విసుక్కుంటూనే కట్టాడు. గొట్టం జానెడు దిగింది, మూరెడు దిగింది.

దాలినాయుడు మహా బద్ధకస్తుడు. దూరాన తాడిచెట్టు మీద కూర్చుని చెవి ఒక్కటే ఇటు పారేశాడు. పాట లేదు. పాట లేదంటే పని లేదు, పని లేదంటే గొట్టం లేదు అని తేల్చుకున్నాడు. ఎగిరొచ్చి చూస్తే పోయేదానికి ఒళ్లు వంగలేదు.

కాకులకో మంచి బుద్ధుంది, దొరికింది పదిమందినీ పిలిచి తింటాయి. దాలినాయుడు దొరక్కముందే పిలిచాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అత్తనీ బావమరుదుల్నీ వెంటేసుకుని గుడ్ల విందుకి తుమ్మచెట్టు మీద దిగాడు. దిగి, నోరు తెరిచాడు.

గూటికి నిలువునా, నున్నగా, గొట్టం వేలాడుతోంది.

"ఏదయ్యా నాయుడూ విందు?" అంది అత్తకాకి.

చుట్టాల ముందు పరువు! దాలినాయుడు గొట్టం పట్టుకుని వేలాడుతూ కిందనుంచి తల దూర్చాడు. తల పట్టింది, భుజాలు పట్టలేదు. లోపలినుంచి పైడమ్మ గొట్టంలోకి దిగొచ్చి వాడి ముక్కు మీద ఠపీమని పొడిచింది. గూడు ఇటూ అటూ ఊగింది, దాలినాయుడూ ఊగాడు. చివరికి గొట్టం అంచు కాస్త చిరిగి, దబ్బున బావిలో పడ్డాడు.

"ఆకలి మీద పిలిచి ఉయ్యాల చూపించావా అల్లుడూ!" అని అత్తకాకి మందనంతా లేపుకుపోయింది.

దాలినాయుడు తడిసి ముద్దయి మెట్ల మీదికి పాక్కుంటూ వచ్చాడు. "పాటే లేదు కదరా! ఎప్పుడు కట్టీసావు?"

"పాట ఆగింది మావా," అన్నాడు గవరయ్య. "పని ఆగలేదు."

అని, చిరిగిన అంచు బాగుచెయ్యడానికి వరిమడికి ఎగిరిపోయాడు. పోచ తెచ్చాడు, ముడి వేశాడు. గూట్లో గుడ్లు పదిలంగా ఉన్నాయి, పైడమ్మ చల్లగా ఉంది. రెండో ముడి దగ్గర గొంతులో ఏదో కదిలింది. మూడో ముడికి పాటయింది.

కింద నూకాలు మెడ ఎత్తి వింది, దవడ మాత్రం ఆపలేదు.

హుషారు చుట్టంలాంటిది, వచ్చి పోతుంది. ఇల్లు నిలబెట్టేది ఏ రోజు పని ఆ రోజు చేసే అలవాటే.