జల్లెడోళ్ళ ఇంటిపేరు

భీమిలి రేవు దాటాక, వలలు చిక్కుకుంటాయని పడవలన్నీ చుట్టుతిరిగి పోయే చోట, సముద్రం అడుగున ఒక రాళ్ళ ఊరుంది. పీతలు, రొయ్యలు, క్షణం కుదురుగా ఉండని కవళ్ళ చేపల గుంపులు, అన్నీ అక్కడే కాపురం. ఊరన్నాక పెద్ద ఉండాలి కదా, కూర్మయ్య అనే ముసలి తాబేలు ఆ పెద్ద. కొత్తగా ఏది కనబడినా అది ప్రాణో, నాచో, రాయో తేల్చి పేరు పెట్టడం ఆయన పని. తప్పు పేరు పెట్టినా గంభీరంగా పెడతాడు, అందుకని ఊరంతా ఒప్పుకుంటుంది.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. ప్రాణి మీద దాన్ని అడక్కుండా ఎవరూ కాపురం పెట్టకూడదు. రాయైతే ఆ బాధ లేదు. పదిమంది ఎదుట దాని మీద ముందుగా ఎవరు గుర్తు వేస్తే రాయి వాళ్ళది. పీతైతే డెక్కతో గీస్తుంది, చేపైతే ఒక పొలుసు సందులో దోపి పోతుంది.

ఊరి నడుమ బానంత లావున పసుపు ముద్ద ఒకటి ఉండేది. ఒళ్ళంతా సన్నటి చిల్లులు, నెత్తిన ఒక పెద్ద బొక్క. మనం దాన్ని స్పాంజి అంటాం. వాళ్ళకి అప్పటికి దానికి పేరే లేదు. కదలదు, పలకదు, ఎవరి జోలికీ పోదు. అలాంటి వాళ్ళకి పేరు పెట్టాలని ఎవరికి తోస్తుంది చెప్పండి. దాని కడుపులో నూకాలు అనే రొయ్య ఉండేది. నిండు మనిషి, పొట్ట కింద గుడ్ల గుత్తి మోస్తోంది. ఆ గుడ్లతో బయట తిరిగితే ఏ చేప నోట్లోనో పడడమే. అందుకే పుట్టిల్లయినా పురిటిల్లయినా ఆమెకు ఆ గూడే.

ఆ గూటి మీద ఎల్లాజీ కన్ను పడింది. ఎల్లాజీ అంటే ఆక్టోపస్. ఎనిమిది చేతులున్నాయి గానీ అందులో ఒకటైనా ఇంకొకరికి పెట్టిన చెయ్యి కాదు. మాట మాత్రం తేనె. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే రకం. ఊరి నడుమ ఆ బొక్కలో చుట్ట చుట్టుకుని కూర్చుంటే పీతలు వాటంతట అవే గుమ్మం ముందుకొస్తాయని వాడి ఆలోచన. ఒక పొద్దున కూర్మయ్య దగ్గరికెళ్ళి వంగి నిలబడ్డాడు. ఊరి నడుమనున్న వస్తువేమిటో ఇప్పటిదాకా తేలలేదని, తమవంటి పెద్దలుండగా పేరు లేని వస్తువుంటే తమకే మాట వస్తుందని నసిగాడు. తన పేర్ల గురించి మాట వస్తుందంటే కూర్మయ్య ఊరుకుంటాడా, వెంటనే బయల్దేరాడు.

ఊరంతా మూగింది. కూర్మయ్య ముద్ద చుట్టూ తిరిగాడు. కళ్ళున్నాయేమో చూశాడు, లేవు. కాళ్ళూ లేవు. నీది ఏ ఊరు నాయనా అని పలకరిస్తే పలకలేదు. ముక్కుతో పొడిస్తే కిమ్మనలేదు. పోనీ నాచు అందామంటే ఒక్క ఆకైనా లేదు. ఇక మిగిలింది రాయే కదా, రాయే అని తేల్చేశాడు.

నూకాలు గుడ్లు పొదువుకుంటూ బయటికొచ్చి మొత్తుకుంది. దీని కడుపులో పుట్టి పెరిగినదాన్ని నాకు తెలుసు, ఇది పక్క చిల్లుల్లోంచి నీళ్ళు పీలుస్తుంది, అందులో నలుసులు తింటుంది, మిగిలిన నీళ్ళు నెత్తి మీంచి ఊదేస్తుంది అని చెప్పింది.

"నీళ్ళలో నీళ్ళు కదిలితే ఎవరికి కనబడతాయే పిల్లా," అన్నాడు కూర్మయ్య. "కంటికి కనబడనిది నేనెలా తేల్చను?"

ఆ మాట న్యాయంగానే ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. ఎల్లాజీ అప్పుడే ఒక చెయ్యి ఆమె గుమ్మంలో పెట్టేశాడు. నూకాలు గుడ్లను ఇంకా గట్టిగా పొదువుకుంది. ఇవాళో రేపో పిల్లలు బయటపడతారు, ఈ పూట గూడు పోతే వాళ్ళను ఎక్కడ దాచుకోవాలి? ఏడవబోయింది. కానీ ఎదుటివాళ్ళు ఏడిస్తే ఎల్లాజీకి ఆకలేస్తుందని ఆమెకు తెలుసు. ఏడుపు మింగేసి, వాణ్ణి నఖశిఖ పర్యంతం ఒకసారి చూసింది. చూస్తుండగానే ఒక ఉపాయం తట్టింది.

"సరే మామా, పెద్దాయన తీర్పు కాదంటానా. ఊరి ముందు గుర్తు వేసుకో, నేను వెళ్ళిపోతాను," అంది.

ఎల్లాజీ గుర్తంటే సిరా. ఒంట్లో ఉన్న సిరా సంచిలోంచి ఒక చుక్క తీసి పైన అంచుకి రాసి ఊరుకోబోయాడు. నూకాలు మూతి విరిచింది. ఇంత ఇంటికి అంత చుక్కేనా, రేపు ఏ పీతో తుడిచేసి నాదంటే ఏం చేస్తావని అడిగింది. ఎల్లాజీ సిరాలో మునుపటి పస లేదని కవళ్ళు చెప్పుకుంటుంటే నేను నమ్మలేదు సుమా, అని కూడా అంది. పీతలు కిసుక్కున నవ్వాయి.

పొగరున్న వాడికి పొగడ్త కన్నా ఎత్తిపొడుపే తొందరగా ఎక్కుతుంది. ఎల్లాజీ ముద్ద చుట్టూ తిరుగుతూ, మొదలు నుంచి నడుము దాకా, సంచిలో ఉన్న సిరా అంతా కక్కేశాడు. ఆ పక్కంతా చీకటైపోయింది. వాడు ఎగిరి ముద్ద నెత్తిన కూర్చున్నాడు.

"ఇప్పుడు తుడవమను, ఎవడు తుడుస్తాడో చూస్తాను," అన్నాడు.

ఎవరూ తుడవక్కర్లేకపోయింది. నలుపు కొంచెం కొంచెంగా పలచబడింది. సిరా సన్నటి దారాలుగా సాగి పక్క చిల్లుల్లోకి పోతోంది. కాసేపటికి నెత్తి మీది బొక్కలోంచి, వంటింటి గొట్టంలోంచి వచ్చినట్టు, నల్లటి పొగ నిటారుగా లేచింది. లేచిందంతా ఎల్లాజీ మొహాన పడింది. కింద చూస్తే ముద్ద ఎప్పటిలా పసుపుపచ్చగా ఉంది.

కూర్మయ్య ముద్ద చుట్టూ ఇంకోసారి తిరిగాడు.

"పీలుస్తోంది, వడపోస్తోంది, అక్కర్లేనిది ఉమ్మేస్తోంది," అన్నాడు చివరికి. "రాయి ఉమ్మదు. ఇది ప్రాణి. పొరపాటు నాది."

కూర్మయ్య నోట పొరపాటు అన్న మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. పీతలు ఆనందం పట్టలేక డెక్కలు టకటకలాడించాయి. నూకాలుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అక్కడికక్కడే నామకరణం జరిగింది. జల్లెడ పట్టినట్టు నీళ్ళు వడపోసి బతుకుతుంది గనక 'జల్లెడ' ఇంటిపేరు, బానలా ఉంది గనక బానయ్య సొంత పేరు. జల్లెడ బానయ్య.

అంతటితో ఆగితే కూర్మయ్య ఎందుకవుతాడు? ఇన్నేళ్ళుగా తను రాయన్నవాటిలో ఇంకెందరు బానయ్యలున్నారో అని ఆయనకు బెంగ పట్టుకుంది. తేల్చాలంటే సిరా కావాలి. సిరా ఉన్నవాడు ఎల్లాజీ ఒక్కడే. అడక్కుండా ప్రాణి నెత్తినెక్కినందుకు తప్పు కింద, సంచిలో సిరా ఊరినప్పుడల్లా ఒక్కో రాయి దగ్గరా వదలాలని ఊరు తీర్మానించింది.

ఇక రోజూ పండగే. ఎల్లాజీ ముందు, వెనకాల ఊరంతా. అలలు బాదే చోట బల్లపరుపుగా పరుచుకున్నది ఊదింది, జల్లెడ పలకమ్మ అయింది. లోతులో కొమ్మలు వేసుకుని నిలబడ్డది ఊదింది, జల్లెడ కొమ్మయ్య అయింది. ఊదనివి రాళ్ళుగానే మిగిలాయి, వాటికేం చింత లేదు. ఆకారం, రంగు చూసి ఎవరూ మోసపోవద్దని, బతికే తీరు ఒకటైతే వంశం ఒకటేనని కూర్మయ్య ప్రతిచోటా ఉపన్యాసం ఇచ్చాడు. చెప్పిందే చెప్పినా అందరూ సంతోషంగా విన్నారు. నూకాలు పిల్లలు ఆ సందట్లోనే పుట్టి, బానయ్య కడుపులో చిల్లు చిల్లుకీ దూరి ఆడుకోవడం మొదలుపెట్టారు.

ఊరి చివర ఒక ఎర్రటి దిబ్బ మిగిలింది. దాని దగ్గరికొచ్చేసరికి ఎల్లాజీ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. ఇది రాయేనని, తనకు బాగా తెలుసని, పరీక్ష దండగని అన్నాడు. ఎందుకంటే వాడి ఇల్లు అదే.

"నీకు తెలుసు సరే నాయనా, ఊరికి తెలియాలిగా," అన్నాడు కూర్మయ్య.

చేసేది లేక ఎల్లాజీ సిరా వదిలాడు. దిబ్బ తాపీగా పీల్చింది, తాపీగా ఊదింది.

అప్పటినుంచి ఎల్లాజీ ఇంటికి వచ్చినప్పుడల్లా సొంత గుమ్మం ముందు ఆగి, ఎనిమిది చేతులూ జోడించి, "జల్లెడ ఎర్రమ్మ గారూ, లోపలికి రావచ్చా అండీ" అని అడుగుతాడు. ఆవిడ పలికే మనిషి కాదు కదా. అటుగా పోయే పీతలు మాత్రం, ఇంకా ఏమీ అనలేదు మామా, కాసేపు ఆగు అని చెప్పి పోతుంటాయి.

ఎదుటివాడి ఇంటిని రాయి అనే ముందు మన చూరు ఒకసారి తడిమి చూసుకోవాలి.