గంగిరెద్దు సమ్మతి

అడవి అంచున వాగు ఒడ్డున బతికేవాళ్ళకి సరైన గూడంటూ ఉండేది కాదు. తుంగ, కంప, వరదకి కొట్టుకొచ్చిన కొమ్మలు, ఏది దొరికితే దానితో అల్లుకునేవాళ్ళు. గట్టి వాన పడితే సగం గూళ్ళు మళ్ళీ వరదపాలే. బాతు సూరమ్మ ఈసారి గుడ్ల మీద కూర్చుంది. పిల్లలు బయటికొచ్చేలోగా గూడు కాస్త ఎత్తు చేసుకోవాలని ఆమె ఆరాటం.

ఈ సంగతి విని సింహానికి జాలేసింది. "వాగు వాళ్ళకి ఇళ్ళు కట్టించు. ఎలా కావాలో వాళ్ళనే అడుగు," అని నక్కకి ఆజ్ఞ వేసింది. నక్క చిత్తం అంది. బోడిగుట్ట మీద రాతి గదులు వరసగా కట్టించేసి, ఆ తర్వాత తీరిగ్గా అడగడానికి వచ్చింది. వీళ్ళు ఖాళీ చేస్తే చల్లటి వాగు ఒడ్డు తనదవుతుందని దాని ఆశ.

"గుట్ట మీద నీళ్ళెక్కడివి నక్కబావా?" అంది సూరమ్మ.

"అక్కణ్ణించి చూస్తే వాగు ఎంత అందంగా కనపడుతుందో తెలుసా!"

"కనపడితే నా పిల్లలు ఈదుతారా?"

గాడిద అందుకుంది. "లోపలికెళ్తే తిరిగే చోటు లేదు. రోజూ వెనక్కి నడుచుకుంటూ బయటికి రావాలా?"

"మరి బురదో?" అంది పంది.

"బురదట! మంచిల్లు ఇస్తామంటే వీళ్ళ కోరికలు చూడండి," అని నక్క ముక్కు మూసుకుంది. "తలో మాటా అంటే పని సాగదు. మీ అందరి తరఫునా ఒక పెద్దమనిషిని నేనే చూస్తాలే."

చూసింది. యజమాని దగ్గర్నించి తప్పించుకుని అడవిలో తిరుగుతున్న గంగిరెద్దుని పట్టుకొచ్చింది. వీపు మీద రంగుల బొంత, మెడలో గంటలు, చూడ్డానికి మహా నిండుగా ఉంది. వాగు ఒడ్డున ఒక్కపూట కూడా ఉన్న పాపాన పోలేదు.

సింహం కొలువు తీరింది. నక్క గొంతు సవరించుకుంది.

"అయ్యా పెద్దాయనా, గుట్ట మీద ఇళ్ళు బాగున్నాయా?"

గంగిరెద్దు తలూపింది.

"వాగు వాళ్ళంతా సంతోషంగా వెళ్తారా?"

గంటలు మోగేలా ఊపింది.

"శభాష్!" అంది సింహం. "వాళ్ళ ప్రతినిధే ఒప్పుకున్నాక ఇక తిరుగులేదు. ఆయన తలూపిందే శాసనం."

సూరమ్మకి కడుపు మండిపోయింది. గుడ్లలో ఉన్న పిల్లల బతుకుని, వాగు ముఖమైనా చూడని ఎద్దు తేల్చేసింది. ఏడుపొచ్చింది. కానీ ఆ తల ఆగకుండా ఊగుతూనే ఉండటం చూసి ఏడుపు మింగేసి ముందుకొచ్చింది.

"మహారాజా, మా ప్రతినిధిని మేమూ ఒక మాట అడగొచ్చా?"

"అడగనివ్వండి ప్రభూ, పాపం," అంది నక్క దర్జాగా.

"పెద్దయ్యా, వాగు ఒడ్డునే మాకు కావలసినట్టు మేం కట్టుకుంటే, రాజుగారు రాయీ కర్రా ఇప్పించాలా?"

గంగిరెద్దు తలూపింది.

"మరి గుట్ట మీద ఇళ్ళు పాడుపడకుండా నక్కబావ కాపురం పెట్టాలా?"

ఇంకా గట్టిగా ఊపింది.

నక్క ఎగిరి గంతేసింది. "ప్రభూ! అదేమడిగినా తలూపుతుంది! దానికి అలవాటు!"

సింహం మెల్లగా నక్క వైపు తిరిగింది.

"అయితే ఇందాక నువ్వు నాకు చూపించిన సమ్మతి ఏమిటి?"

నక్క నోరు తెరిచింది. అలవాటేనని నిలబడితే తన మోసం బయటపడుతుంది, సమ్మతే అంటే మూటాముల్లె సర్దుకోవాలి. "సమ్మతే ప్రభూ," అంది.

సూరమ్మ పిల్లలు ఎత్తు మీద కట్టిన గూట్లో కళ్ళు తెరిచి, తిన్నగా నీళ్ళలోకి దిగాయి. గుట్ట మీద నక్క మాత్రం పొద్దున్నే తోక ముందు బయటపెట్టి, వెనక్కి పాక్కుంటూ ఇంట్లోంచి వస్తోంది.

ఉండేవాళ్ళ నోరు నొక్కి ఇల్లు కడితే, కట్టినవాడే అందులో కాపురం చేయాల్సొస్తుంది.